జార్జ్‌టౌన్ రేవులో లాంచీ ఎక్కి దిగిన రోజు

కరీబియన్ సముద్రంలో విహార ఓడలు ఎక్కువగా ఆగే రేవులలో గ్రాండ్ కేమన్ ద్వీపంలోని జార్జ్‌టౌన్ ఒకటి. బ్రిటన్ ఆధీనంలో ఉన్న కేమన్ దీవులకు అదే రాజధాని. 2019లో 18 లక్షలకు పైగా ఓడ ప్రయాణికులు ఆ ద్వీపానికి వచ్చారు. అయినా విహార ఓడ ఆనుకుని నిలిచే జెట్టీ అక్కడ ఇప్పటికీ లేదు. వచ్చిన ఓడలన్నీ ఒడ్డుకు కాస్త దూరంలో లంగరు వేసి ఆగుతాయి. ప్రయాణికులను లాంచీలలో ఒడ్డున దించి, సాయంత్రానికి మళ్ళీ లాంచీలలోనే ఓడకు చేరుస్తారు. ఓడవాళ్ళు ఆ లాంచీని టెండర్ అంటారు. మార్చి నెలలో, అమెరికాలో బడులకు వసంతకాలపు సెలవులు నడుస్తున్న రోజుల్లో, మా అమ్మానాన్నలను వెంటబెట్టుకుని మేము ఆ రేవుకు వెళ్ళాము. ఆ రోజున అక్కడ అయిదు ఓడలు నిలిచి ఉన్నాయి. ఇండియా నుంచి వచ్చిన పెద్దవాళ్ళతో ఇలాంటి ప్రయాణం పెట్టుకునే తెలుగువాళ్ళు చాలామందే ఉన్నారు కనుక, ఆ రోజు ఎలా గడిచిందో, ఏ పనికి ఎంత సమయం పట్టిందో, ఎక్కడ జాగ్రత్త అవసరమైందో వివరంగా రాస్తున్నాను.

మా నాన్నగారు కాకినాడలో ఓడల సరుకు ఎగుమతి చేసే కంపెనీలో టాలీ గుమాస్తాగా, అంటే ఓడకు ఎక్కే సరుకు లెక్క రాసే గుమాస్తాగా, పనిచేసి రిటైరయ్యారు. కాకినాడ యాంకరేజి పోర్టు పద్ధతి తెలిసినవారికి జార్జ్‌టౌన్ ఏర్పాటు కొత్తగా అనిపించదు. కాకినాడ తీరంలో లోతు చాలదు కనుక పెద్ద ఓడలు దూరంగా సముద్రంలోనే లంగరు వేస్తాయి. బియ్యం బస్తాలు కాలువ ఒడ్డున బార్జీలకు ఎక్కి, అక్కడి నుంచి ఓడ పక్కకు చేరి, క్రేన్లతో పైకి వెళ్తాయి. ఎంత పెద్ద ఓడ అయినా దాని పని ఎప్పటికి ముగిసేదీ బార్జీల రాకపోకల మీదే ఆధారపడి ఉంటుందని నాన్నగారు నా చిన్నప్పటి నుంచీ చెప్పేవారు. మా ప్రయాణపు పట్టికలో జార్జ్‌టౌన్ పేరు పక్కన టెండర్ అన్న మాట చూపించినప్పుడు ఆయన అడిగిన మొదటి ప్రశ్న, ఒడ్డున చూడవలసినవి ఏమిటని కాదు. తిరిగి వచ్చే చివరి లాంచీ ఎన్ని గంటలకని అడిగారు. ఆ రోజును మేము చివరి నుంచి మొదటికి లెక్కవేసుకున్నాము. అన్నిటికన్నా మాకు మేలు చేసింది ఆ లెక్కే.

ప్రయాణానికి ముందే చూసుకోవలసిన కాగితాల సంగతి కొంత చెప్పాలి. ఫ్లోరిడాలోని మయామీలో బయలుదేరి మళ్ళీ మయామీకే తిరిగి వచ్చే ఓడ అయినా, మధ్యలో ఆగేవి వేరే దేశాలే. కాబట్టి తిరిగి వచ్చినప్పుడు అమెరికాలో కొత్తగా ప్రవేశించినట్టే లెక్క. అమ్మానాన్నల సందర్శకుల వీసాలు పదేళ్ళవి, ఎన్నిసార్లయినా ప్రవేశించే వీలున్నవి కనుక ఇబ్బంది లేదు. హెచ్1బి అనే ఉద్యోగ వీసా మీద ఉన్నవారు మాత్రం ఇక్కడ జాగ్రత్తగా ఉండాలి. పాస్‌పోర్టులో వీసా స్టాంపు గడువు దాటిపోయినా, ఐ94 (అమెరికాలో ఎప్పటిదాకా ఉండవచ్చో చెప్పే ప్రవేశ పత్రం) చెల్లుబాటులో ఉంటే కెనడా, మెక్సికోలకు కొద్ది రోజులు వెళ్ళి రావడానికి ఒక వెసులుబాటు ఉంది. అది కరీబియన్ దీవులకు వెళ్ళివచ్చే హెచ్1బి వారికి వర్తించదు. మెక్సికోలోని కోజుమెల్‌లో ఆగే ఓడే కదా అని ధీమాగా ఉండకూడదు. అదే ఓడ దారిలో గ్రాండ్ కేమన్‌లో ఆగితే లెక్క మారిపోతుంది. మా వారి స్టాంపు చెల్లుబాటులో ఉందని నిర్ధారించుకున్న తరువాతే టికెట్లు కొన్నాము. పొద్దున్న దిగి సాయంత్రానికి ఓడకు వెళ్ళిపోయే మమ్మల్ని కేమన్‌లో విడిగా వీసా ఏదీ అడగలేదు.

రేవుకు చేరే ముందురోజు రాత్రి మా గదిలో మర్నాటి కార్యక్రమాల కాగితం పెట్టారు. లంగరు వేసే సమయం, లాంచీ టికెట్లు ఇచ్చే చోటు, చివరి లాంచీ సమయం అందులో ఉన్నాయి. ఎవరు ముందు దిగాలన్న విషయంలో ఓడకు ఒక వరుస ఉంది. ఓడవాళ్ళ ద్వారానే విహారయాత్రలు కొనుక్కున్నవారిని అందరికన్నా ముందు పంపుతారు. ఖరీదైన గదుల్లో ఉన్నవారికీ, ఆ కంపెనీ ఓడల్లో తరచుగా ప్రయాణించేవారికీ కూడా ప్రాధాన్యం ఉంటుంది. మిగిలినవారంతా నంబరు టికెట్టు తీసుకుని తమ నంబరు పిలిచేదాకా ఆగాలి. అందుకని మేము రెండుగా విడిపోయాము. మా వారికీ మా అబ్బాయికీ ఓడవాళ్ళ దగ్గరే టేకు చేపల యాత్ర, అంటే తోకకు ముల్లు ఉండే స్టింగ్‌రేలను చూసే యాత్ర కొన్నాము. అమ్మానాన్నలతో నేను ఏ యాత్రా కొనకుండా నంబరు టికెట్టు తీసుకుని ఊరు చూడాలని అనుకున్నాము. బయటి కంపెనీలలో ఇదే యాత్ర తక్కువ ధరకు దొరుకుతుంది. కానీ ఉదయం తొమ్మిదింటికి ఒడ్డున ఉండాలని వాళ్ళు చెబితే, ఆ సమయానికి లాంచీలో చోటు దొరుకుతుందన్న భరోసా ఎవరూ ఇవ్వరు. బయట కొనేవారు ఓడ చేరే సమయానికీ యాత్ర మొదలయ్యే సమయానికీ మధ్య కనీసం రెండు గంటల ఎడం ఉంచుకోవాలని నా అభిప్రాయం.

ఉదయం మేము పై అంతస్తులో ఫలహారం చేస్తుండగా ఓడ లంగరు వేసింది. ద్వీపం అధికారుల అనుమతి వచ్చేదాకా ఎవరినీ దించరు. అనుమతి వచ్చిందన్న ప్రకటన వచ్చీ రాగానే లిఫ్టుల దగ్గర మనుషులు కిక్కిరిసిపోయారు. టికెట్లు ఇచ్చే నాటకశాల ముందు వరుస రెండు మలుపులు తిరిగింది. ఎక్కడ నిలబడాలో చెప్పేవారు ఒక్కరే ఉండడంతో కొంతమంది అడ్డంగా వచ్చి చేరారు, పెద్దవాళ్ళు వెనకపడిపోయారు. వరుసలో నిలబడడానికి ఇంట్లో ఒకరు చాలు, మిగిలినవారు లోపల కుర్చీల్లో కూర్చోవచ్చు అన్న సంగతి అక్కడి ఉద్యోగిని అడిగితేనే తెలిసింది. నేను వరుసలో నిలబడి, అమ్మానాన్నలను ముందే లోపల కూర్చోబెట్టాను. మాకు 17వ నంబరు వచ్చింది. మా వాళ్ళిద్దరూ యాత్ర బృందంతో అప్పటికే దిగిపోయారు. మా నంబరు పిలిచేసరికి గంటన్నర దాటింది. పెద్దవాళ్ళతో వెళ్ళేవారు ఆ గంటన్నర కోసం నీళ్ళు, వేళకు వేసుకోవలసిన మందులు చేతిసంచిలోనే ఉంచుకోవాలి. నంబరు పిలిచాక గదికి వెళ్ళి రావడానికి సమయం ఉండదు, పైగా లిఫ్టులు దొరకవు.

లాంచీ ఎక్కే చోటు ఓడలో అట్టడుగు అంతస్తుల్లో, నీటిమట్టానికి కాస్త ఎగువన ఉంటుంది. అంతదాకా మెత్తటి తివాచీలు, అద్దాల గోడలు చూసిన కళ్ళకు అక్కడ తెల్ల రంగు వేసిన ఇనుప గోడలు, గొట్టాలు, నూనె వాసన ఎదురవుతాయి. ఓడ పక్కన ఒక పెద్ద తలుపు తెరిచి, దాని ముందు చిన్న వంతెన లాంటి పలకను లాంచీ మీదికి వాల్చారు. మన కార్డును యంత్రానికి చూపగానే గంట మోగినట్టు శబ్దం వస్తుంది. ఎవరు దిగారో, ఎవరు లోపల ఉన్నారో ఓడకు తెలిసేది ఆ కార్డు వల్లనే. బయటికి చూస్తే సముద్రం ప్రశాంతంగానే ఉంది. కానీ ఓడ కదలకుండా నిలబడి ఉంటే, పక్కనున్న లాంచీ మాత్రం అల వచ్చినప్పుడల్లా జానెడు ఎత్తు లేస్తూ, దిగుతూ ఉంది. పలక చివరి అంచు లాంచీ నేల మీద రాసుకుంటూ ముందుకీ వెనక్కీ జరుగుతూ ఉంది. అమ్మకు రెండు మోకాళ్ళూ నొప్పులే. ఆ కదిలే అంచును చూసి ఆమె ఆగిపోయింది.

పలకకు అటూ ఇటూ ఇద్దరు నావికులు నిలబడి ఉన్నారు. వాళ్ళు అమ్మ చేతిని పట్టుకోలేదు. మోచేతికి పైన, కండ దగ్గర గట్టిగా పట్టుకున్నారు. చేతిని పట్టుకుంటే జారవచ్చు, అక్కడ పట్టుకుంటే జారదు. నాన్నగారు వెనక నుంచి, "తొందరపడకు. అది దిగుతున్నప్పుడు కాలు వెయ్యకూడదు. పైకి లేచి ఆగినట్టు అవుతుంది చూడు, అప్పుడు వెయ్యి" అన్నారు. అమ్మ ఒక అలను పోనిచ్చింది, రెండో అలనూ పోనిచ్చింది. వెనక వరుసలో ఉన్నవారెవరూ తొందరపెట్టలేదు, నావికులూ మాట్లాడలేదు. మూడో అలకు లాంచీ పైకి లేవగానే ఆమె కాలు వేసింది, ఇద్దరూ ఆమె బరువును తమ మీదికి తీసుకుని లోపల నిలబెట్టారు. అంతా రెండు మూడు క్షణాల పని. చక్రాల కుర్చీలో వచ్చినవారికి ఇదే చోట నిర్ణయం జరుగుతుంది. అలలు ఎక్కువగా ఉంటే కుర్చీని దించరు. కొన్ని ఓడల్లో నాలుగు అడుగులు సొంతంగా వేయగలిగితేనే లాంచీ ఎక్కనిస్తారు. ఈ నియమం ఒక్కో కంపెనీకి ఒక్కో విధంగా ఉంటుంది కనుక టికెట్టు కొనేముందే అడిగి తెలుసుకోవడం అవసరం.

చాలా రేవులలో ఓడ సొంత లైఫ్‌బోట్లనే లాంచీలుగా వాడతారు. జార్జ్‌టౌన్‌లో ఆ పని స్థానిక లాంచీలు చేస్తాయి. అవి రెండంతస్తులవి, వెడల్పైనవి, ఒక్కోటి వంద మందికి మించి పడుతుంది. లైఫ్‌బోటు కన్నా ఊగడం తక్కువ కనుక మోకాళ్ళ నొప్పులవాళ్ళకు ఇది నిజంగా మేలు. అమ్మను కింది అంతస్తులో కిటికీ పక్కన కూర్చోబెట్టాము. నాన్నగారు లాంచీ నడిపే సరంగు కనిపించే చోటు వెతుక్కుని కూర్చున్నారు. ఒడ్డుకు పది నిమిషాలు కూడా పట్టలేదు. మధ్య అమెరికాలోని బెలీజ్ సిటీ దగ్గర అయితే, కాకినాడలాగే తీరంలో లోతు తక్కువ కనుక ఓడ చాలా దూరంలో ఆగుతుంది, లాంచీ ప్రయాణం అంతకు రెట్టింపు పైగా ఉంటుంది. కేమన్ సంగతి దీనికి పూర్తిగా విరుద్ధం. తీరం వెంబడి సన్నటి గట్టులాంటి అడుగు కొంత దూరం ఉండి, ఆ తరువాత నిట్టనిలువునా పడిపోతుంది. ద్వీపానికి దక్షిణాన ఉన్న కేమన్ అగాధంలో లోతు 7,500 మీటర్లకు మించి ఉంటుంది. ఓడలు లంగరు వేసేది ఆ సన్నటి గట్టు మీదనే. లాంచీ కిటికీలోంచి చూస్తే నీటి రంగు ముదురు నీలం నుంచి లేత ఆకుపచ్చకు ఒక గీత గీసినట్టు మారింది. ఆ తరువాత అడుగున ఇసుక, రాళ్ళ నీడలు స్పష్టంగా కనిపించాయి.

ఒడ్డున లాంచీలు ఆగే చోట్లు ఒకటికి మించి ఉన్నాయి. ఉత్తర టెర్మినల్, దక్షిణ టెర్మినల్, కొంచెం అవతల రాయల్ వాట్లర్ టెర్మినల్ అని వాటి పేర్లు. అయిదు ఓడలు ఉన్న రోజున ఏ ఓడ లాంచీ ఎక్కడి నుంచి బయలుదేరుతుందో తెలుసుకోకుండా ఊళ్ళోకి వెళ్ళకూడదు. మేము దిగిన టెర్మినల్ పేరున్న బోర్డును ఫోటో తీసుకున్నాను. తిరిగి వచ్చేటప్పుడు కూడా అక్కడికే రావాలా అని గేటు దగ్గర అడిగాను. అంతకన్నా ముఖ్యమైనది గడియారం. కేమన్ దీవులలో వేసవికి గడియారాలు ముందుకు జరపరు. ఫ్లోరిడాలో మార్చి రెండో ఆదివారం నుంచి గంట ముందుకు జరుపుతారు. మా ఓడ ఫ్లోరిడా సమయాన్నే పాటించింది. ఒడ్డుకు రాగానే ఫోను స్థానిక సిగ్నల్ పట్టుకుని తనంతట తానే గంట వెనక్కి వెళ్ళిపోయింది. చివరి లాంచీ ఓడ సమయం ప్రకారం మూడున్నరకు అయితే, ఫోనులో అది రెండున్నరే అన్నమాట. నాన్నగారి చేతి గడియారం ఓడ సమయం మీదే ఉంది. ఆ రోజంతా మేము దానినే నమ్ముకున్నాము.

రేవు గేటు దాటితే ఊరే. టాక్సీలు పిలిచేవారు, యాత్రల బోర్డులు పట్టుకున్నవారు, నగల దుకాణాలు, రమ్ కేకుల దుకాణాలు, వీటి మధ్య తిరుగుతున్న కోళ్ళు. వాహనాలు ఎడమవైపు నడుస్తాయి కనుక రోడ్డు దాటడం మాకన్నా అమ్మానాన్నలకే సులువైంది. అమెరికా డాలర్లు అన్నిచోట్లా తీసుకుంటారు, కానీ ధరలు చాలాచోట్ల కేమన్ డాలర్లలో రాసి ఉంటాయి. కేమన్ డాలరు విలువ 1974 నుంచి 1.20 అమెరికా డాలర్లకు స్థిరంగా ఉంది. దుకాణాల్లో మాత్రం ఒక అమెరికా డాలరుకు 80 కేమన్ సెంట్ల లెక్కన కడతారు. బోర్డు మీద 5 అని ఉన్న పళ్ళరసానికి మేము ఇచ్చింది 6.25. నలుగురైదుగురు భోజనం చేసినప్పుడు ఈ తేడా బాగా తెలుస్తుంది.

రేవుకు ఎదురుగానే ఎల్మ్‌స్లీ చర్చి ఉంది. 1920లలో దానిని కట్టినది రాయల్ బోడెన్ అనే ఓడల నిర్మాత. ఎండ నుంచి తప్పించుకుని అమ్మను కాసేపు కూర్చోబెడదామని లోపలికి వెళ్ళాము. కూర్చుని తల ఎత్తితే పైకప్పు ఒక ఓడను బోర్లించినట్టుగా ఉంది. పొడవాటి దూలం వెన్నులా సాగింది, దాని నుంచి వంపు తిరిగిన చెక్కలు రెండు వైపులా పక్కటెముకల్లా దిగాయి. నాన్నగారు చాలాసేపు తల దించలేదు. బార్జీలు కట్టే చోట కర్రను ఎలా వంచేవారో, అతుకుల మధ్య ఏమి కూరేవారో అమ్మకు మెల్లగా చెబుతూ ఉన్నారు. ఊళ్ళో ఒక రోజు దిగే ప్రయాణికులలో ఎక్కువమంది ఈ చర్చి ముందు నుంచి నడిచి సముద్రతీరానికి వెళ్ళిపోతారు. నన్ను అడిగితే జార్జ్‌టౌన్‌లో చూడదగినవాటిలో ఇది ముందు వరుసలో ఉంటుంది, రేవు నుంచి నాలుగడుగుల దూరం, రుసుము లేదు. పక్కనే పాత కోర్టు భవనంలో జాతీయ మ్యూజియం ఉంది. దగ్గరలోనే ఫోర్ట్ జార్జ్ అనే పాత కోట గోడల అవశేషాలు ఉన్నాయి. రేవులోనే ఒడ్డుకు దగ్గరగా కాలీ అనే పాత ఓడ శిథిలాలు నీటి అడుగున ఉన్నాయి. బియ్యం తీసుకెళ్తూ 1944లో మునిగిన ఓడ అది. బియ్యం అనగానే నాన్నగారు నీటి అంచు దాకా వెళ్ళి నిలబడ్డారు. నోటికి గొట్టం తగిలించుకుని ఈదేవాళ్ళ వీపులు తప్ప పై నుంచి మాకేమీ కనిపించలేదు.

తరువాత టాక్సీలో సెవెన్ మైల్ బీచ్‌కు వెళ్ళి కాసేపు ఉన్నాము. ఇసుక తెల్లగా, మెత్తగా ఉంది. నీటి అంచు దాకా అమ్మ చెప్పులు లేకుండా నడవగలిగింది. జనం చాలా ఉన్నారు.

టాక్సీ నడిపిన పెద్దమనిషి దారిలో జెట్టీ వివాదం గురించి చెప్పాడు. పెద్ద ఓడలు ఆనుకునేలా జెట్టీలు కట్టాలని ప్రభుత్వం ప్రయత్నిస్తే ప్రజలు సంతకాలు సేకరించి అభిప్రాయ సేకరణ కోరారు. 2019 డిసెంబరులో జరగవలసిన ఆ ఓటింగు కోర్టు వల్ల ఆగింది, తరువాత ఆ ప్రతిపాదనే ఆగిపోయింది. మళ్ళీ 2025 ఏప్రిల్ 30న సాధారణ ఎన్నికలతో పాటు ఇదే ప్రశ్న అడిగారు. ఎక్కువమంది జెట్టీ వద్దన్నారు. జెట్టీ కట్టాలంటే రేవు అడుగు తవ్వాలి, తవ్వితే పగడపు దిబ్బలు దెబ్బతింటాయి. ఈడెన్ రాక్, డెవిల్స్ గ్రోటో లాంటి పగడపు గుహలు రేవు నుంచి నడిచి వెళ్ళేంత దగ్గరలో ఉన్నాయి. జెట్టీ లేనందువల్ల అతి పెద్ద ఓడలు కొన్ని ఆ ద్వీపానికి రావడం లేదు, దానివల్ల తనలాంటివారికి రాబడి తగ్గుతుందని ఆయన దాచకుండా చెప్పాడు. అయినా తాను వద్దనే ఓటు వేశానన్నాడు. ఆ పూట పొద్దున అమ్మ ఆ పలక మీద పడిన అవస్థ కళ్ళారా చూసినదాన్ని నేను. అయినా ఆ లేత ఆకుపచ్చ నీటిని చూసిన తరువాత వాళ్ళ నిర్ణయమే సరైనదని నాకు అనిపించింది. ఒక పగలు ఉండి పోయేవాళ్ళ సౌకర్యం కోసం, వందల ఏళ్ళు పెరిగిన పగడాన్ని తవ్వమని అడిగే హక్కు మనకు లేదు.

మేము ఓడ సమయం ప్రకారం ఒంటిగంటన్నరకే రేవుకు తిరిగి వచ్చాము. చివరి లాంచీకి ఇంకా రెండు గంటలుంది, అయినా వరుస అప్పటికే గేటు బయటికి వచ్చింది. ఒక్కో ఓడ పేరుతో బోర్డు పట్టుకుని మనుషులు నిలబడి ఉన్నారు. వరుసలు ఒకదానితో ఒకటి కలిసిపోయేంత దగ్గరగా ఉన్నాయి కనుక బోర్డు చదివి, ముందున్నవారిని కూడా అడిగి నిలబడాలి. గేటు దగ్గర ఓడ కార్డుతో పాటు ఫోటో ఉన్న గుర్తింపు కార్డు అడిగారు. కొందరు గుర్తింపు కార్డు గదిలో వదిలి వచ్చి అక్కడ బతిమాలుకోవడం చూశాము. నీడ కోసం పందిళ్ళు వేశారు కానీ వరుసలో సగం ఎండలోనే ఉంది. మా ఓడవాళ్ళు చల్లటి నీళ్ళు, తడి తువ్వాళ్ళు పంచారు. అమ్మ ఎక్కువసేపు నిలబడలేదని చెప్పగానే ఒక ఉద్యోగి ఆమెకూ, తోడుగా నాన్నగారికీ ముందువైపు బల్ల చూపించాడు. నా వంతు వచ్చినప్పుడు ముగ్గురం కలిసి ఎక్కాము. ఈ సాయం అడిగితేనే దొరుకుతుంది. మన పెద్దవాళ్ళు మొహమాటంతో అడగనివ్వరు, అది అర్థం చేసుకుని మనమే వెళ్ళి అడగాలి.

మా వారూ అబ్బాయీ మా కన్నా కాసేపటి ముందు చేరుకున్నారు. నార్త్ సౌండ్ అనే అఖాతంలో నడుము లోతు నీళ్ళున్న ఇసుక తిన్నె మీద టేకు చేపలు మనుషుల కాళ్ళ మధ్య తిరుగుతాయి. ఒకప్పుడు జాలరులు అక్కడ చేపలు శుభ్రం చేసి వ్యర్థాలు పారేసేవారు, వాటికి అలవాటుపడి ఇవి చేరాయని చెబుతారు. కాలు ఎత్తి వేయకుండా ఇసుకలో ఈడుస్తూ నడవాలని, చేపను నీటి పైకి ఎత్తకూడదని ముందే చెప్పారట. మా వాడు దాని పొట్ట తడి పుట్టగొడుగులా ఉందని చెబుతూనే ఉన్నాడు. తోక ముల్లు సంగతి తెలిసిన నాన్నగారు మాత్రం మనవడి కాళ్ళు ఒకసారి చూసి కానీ ఊరుకోలేదు.

మధ్యాహ్నానికి గాలి పెరిగింది. లాంచీ నుంచి ఓడలోకి ఎక్కేటప్పుడు పలక పొద్దుటికన్నా ఎక్కువ కదిలింది, కానీ ఈసారి అమ్మ తనంతట తానే అల లేచేదాకా ఆగి కాలు వేసింది. చలికాలంలో వాయవ్యపు గాలులు వీస్తే జార్జ్‌టౌన్ రేవులో లాంచీలు నడపడం కష్టమవుతుంది. అప్పుడు ద్వీపానికి దక్షిణాన ఉన్న స్పాట్స్ అనే చోట దించుతారు, అదీ కుదరకపోతే ఓడ ఆగకుండానే వెళ్ళిపోతుంది. అలా జరిగితే ఓడవాళ్ళ దగ్గర కొన్న యాత్రల సొమ్ము తిరిగి వస్తుంది. బయట కొన్నవారు ఆ కంపెనీ షరతులు ముందే చదువుకుని ఉండాలి.

మర్నాడు కోజుమెల్‌లో మా ఓడ జెట్టీకే ఆనుకుంది. టికెట్లు లేవు, నంబర్లు లేవు, తలుపు తెరవగానే అందరూ నడిచి దిగిపోయారు. కానీ ఆ జెట్టీ పొడవునా ఎండలో నడిచి, దుకాణాల మధ్య నుంచి బయటపడి, శాన్ మిగెల్ ఊళ్ళోకి వెళ్ళాలంటే మళ్ళీ టాక్సీ కోసం నిలబడవలసి వచ్చింది. అమ్మ నడక మధ్యలో ఆగి, లాంచీ అయితే ఊరి నడిబొడ్డున దించిందనీ, దిగిన చోటే కూర్చోవడానికి చర్చి కూడా ఉందనీ అంది.